గుంట కాడ ఫోను చేయబోయేసరికి ఆగిపోతున్న సిమ్ 800ఎల్: మీటరులో మాత్రం 4.02 వోల్టులు

అల్లూరు గుంట (రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. సముద్రానికి దగ్గరలో మాకు రెండు వనామి రొయ్యల గుంటలు ఉన్నాయి. రాత్రి పూట కరెంటు పోయి, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగితే ఆ సంగతి మా ఇంటికీ, జనరేటరు చూసుకునే మనిషికీ ఫోను చేసి చెప్పే పెట్టె ఒకటి నేనే తయారుచేశాను. అందులో 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ల సీల్డ్ బ్యాటరీ, దాని నుంచి 4 వోల్టులు తీసే ఎల్‌ఎం 2596 రెగ్యులేటరు బోర్డు, సిమ్ వేసుకుని ఫోను చేసే సిమ్ 800ఎల్ మాడ్యూలు ఉన్న ఎర్ర బోర్డు, దాన్ని నడిపే ప్రోగ్రాము ఉన్న ఆర్డుయినో నానో అనే చిన్న బోర్డు ఉన్నాయి.

కావలిలోని ఇంట్లో బల్ల మీద మూడు రోజులు నడిపి నలభైసార్లకు పైగా ఫోను చేయించాను, ఒక్కసారి కూడా తప్పలేదు. అదే పెట్టెను గుంట కాడికి తీసుకువెళ్లి బిగించాక మాడ్యూలు లైటు మూడు సెకన్లకొకసారి వెలుగుతూ నెట్‌వర్క్ దొరికిందని చూపిస్తుంది, ఎప్పుడైనా ఒక మెసేజి కూడా పోతుంది, కానీ ఫోను కలపమన్న క్షణంలో లైటు ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి నెట్‌వర్క్ వెతుక్కోవడం మొదలుపెడుతుంది. నానో మాత్రం ఆగడం లేదు. రెగ్యులేటరు దగ్గర మీటరు పెట్టి చూస్తే, మాడ్యూలు ఆగిపోతున్న సమయంలో కూడా 4.02 కదలడం లేదు. మొన్న రాత్రి రెండు గంటలప్పుడు కరెంటు పోతే ఫోను రాలేదు. తెల్లవారుజామున మా నాన్న వెళ్లేసరికి రొయ్యలు గట్టు వెంబడి పైకి తేలి ఉన్నాయి. వెంటనే జనరేటరు వేయడంతో చాలావరకు బతికాయి. ఈ పెట్టెను నమ్ముకోమని ఇంట్లో చెప్పినవాడిని నేనే కాబట్టి, దీని సంగతి తేల్చకుండా ఇంకొక పంట వేయలేను.

టవరు అనుమానం (రాత్రి 9:58)

మీరు వేసినది జియో సిమ్ అయితే వెతకవలసిన పని లేదు, ఎందుకంటే సిమ్ 800ఎల్ 2జీ మాడ్యూలు, జియోకు 2జీ లేదు. వేరే సిమ్ అయితే ఏంటెన్నా చూడండి. ఆ బోర్డుతో వచ్చే స్ప్రింగు ఏంటెన్నా ఊళ్లో పనిచేస్తుందేమో గానీ, సముద్రపు ఒడ్డున పనికిరాదు.

అల్లూరు గుంట (రాత్రి 10:15)

సిమ్ ఎయిర్‌టెల్‌ది. మాడ్యూలు చెప్పే సిగ్నలు సంఖ్య (ఎక్కువైతే మంచిది) కావలిలో 23 వచ్చేది. గుంట కాడ స్టార్టరు పెట్టెలో ఉంచితే 8 వచ్చింది, అందుకే మాడ్యూలును తీసి జీఐ పైపు మీదికి ఎక్కించాను. అక్కడ 12 వస్తోంది.

ఒంగోలు రిపేరు బల్ల (రాత్రి 10:50)

తమ్ముడూ, పైపు మీదికి ఎక్కించానన్న మాట నువ్వు మొదటి పోస్టులోనే రాసి ఉండవలసింది. మాడ్యూలు పైకి వెళ్లింది, మరి రెగ్యులేటరు ఎక్కడుంది? రెండింటి మధ్య ఏ వైరు వేశావు, ఎంత పొడవు వేశావు? మీటరు పెట్టినది రెగ్యులేటరు కాళ్ల దగ్గరా, మాడ్యూలు కాళ్ల దగ్గరా? ఈ మూడింటికీ జవాబు చెప్పు.

ఈలోగా ఒక సంగతి చెబుతాను. కావలిలో నడిచినది గుంట కాడ నడవకపోవడానికి కారణం టవరే, కానీ పైన అన్న పద్ధతిలో కాదు. టవరు దగ్గరగా ఉన్నప్పుడు నెట్‌వర్కే మాడ్యూలును గొంతు తగ్గించి మాట్లాడమంటుంది. టవరు దూరమైతే గొంతు చించుకుని అరవమంటుంది. 900 మెగాహెర్ట్జ్ మీద ఆ అరుపు 2 వాట్ల దాకా పోతుంది. అప్పుడు మాడ్యూలు లాగే కరెంటు 2 ఆంపియర్లు. బల్ల మీద నువ్వు నలభైసార్లు చేసిన పరీక్షలో దానికి ఆ 2 ఆంపియర్ల అవసరం ఒక్కసారి కూడా పడి ఉండదు. నా బల్ల మీదికి వచ్చే ఇలాంటి పెట్టెల్లో సగానికి పైగా ఒంగోలు టౌనులో బ్రహ్మాండంగా నడిచి, పొలానికి పోయాక మొరాయించినవే.

అల్లూరు గుంట (రాత్రి 11:05)

అన్నా, రెగ్యులేటరు కిందనే, స్టార్టరు పక్కన ఉన్న పెట్టెలో ఉంది. పైకి పాత ల్యాండ్‌లైను ఫోను వైరు వేశాను, రెండున్నర మీటర్లు ఉంటుంది. మీటరు పెట్టినది రెగ్యులేటరు దగ్గరే. మాడ్యూలు దగ్గర ఒక 100 మైక్రోఫారడ్ కండెన్సరు ఉంది. ఇంత చిన్న బోర్డుకు ఆ వైరు చాలదా?

కొత్తపట్నం ఏరేటర్ (ఉదయం 6:20)

మా గుంటల కాడ కూడా ఇదే గోల పడ్డాము. నేను రెగ్యులేటరు తీసేసి, పాత సెల్‌ఫోను బ్యాటరీని నేరుగా మాడ్యూలుకు కలిపాను, ఆ రోజు నుంచి ఒక్క ఫోనూ తప్పలేదు. ఇంత లెక్కలు ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

ఒంగోలు రిపేరు బల్ల (ఉదయం 7:10)

మీది నడిచిందంటే ఆశ్చర్యం లేదు, ఈ మాడ్యూలు అడిగేది 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య కాబట్టి లిథియం సెల్లు దానికి సరిగ్గా సరిపోతుంది, పైగా 2 ఆంపియర్లు గభాలున అడిగినా ఇస్తుంది. అయితే దాన్ని ఎప్పుడూ చార్జింగులో ఉంచి, రోహిణి కార్తె ఎండలో రేకు పెట్టెలో పెడితే ఏమవుతుందో ఒకసారి మూత తీసి చూడండి. ఉబ్బిన బ్యాటరీలు నా దగ్గరికి చాలానే వచ్చాయి.

కొత్తపట్నం ఏరేటర్ (ఉదయం 9:35)

మూత తీసి చూశాను. కొంచెం ఉబ్బింది. తీసేశాను.

కావలి ల్యాబు (ఉదయం 10:30)

నేను పాలిటెక్నిక్ పిల్లలకు ఎలక్ట్రానిక్స్ పాఠం చెబుతాను. ఆ ఫోను వైరు చాలదా అన్న ప్రశ్నకు లెక్క వేసే జవాబు చెప్పాలి, ఎందుకంటే వైరును చూసి ఎవరూ అనుమానించరు.

అర మిల్లీమీటరు మందం గల రాగి తీగకు మీటరుకు సుమారు 0.088 ఓములు ఉంటాయి. రెండున్నర మీటర్లు పైకి పోవాలి, మళ్లీ రెండున్నర మీటర్లు కిందికి రావాలి, అంటే మొత్తం ఐదు మీటర్లు, 0.44 ఓములు. అందులో 2 ఆంపియర్లు పారితే 0.88 వోల్టులు వైరులోనే పోతాయి. కింద 4.02 ఉన్నా పైన 3.14 మిగులుతుంది. 3.4కు తగ్గితే మాడ్యూలు తనంతట తానే ఆగిపోవడం దాని స్వభావం. స్క్రూ బిగింపుల దగ్గర ఉప్పు గాలికి పట్టే పచ్చటి చిలుమును నేను ఈ లెక్కలో కలపనే లేదు.

మరి మీటరు ఎందుకు పట్టుకోలేదని మీరు అడుగుతారు. 2జీలో మాడ్యూలు ఎడతెగకుండా మాట్లాడదు. 4.615 మిల్లీసెకన్ల ఫ్రేమును ఎనిమిది వంతులు చేసి, అందులో ఒక వంతు, అంటే 577 మైక్రోసెకన్లు మాత్రమే పంపుతుంది, మిగతా ఏడు వంతులూ ఊరుకుంటుంది. సెకనుకు సుమారు 217 సార్లు ఇలా జరుగుతుంది. మల్టీమీటరు చూపేది సగటు కాబట్టి, మీరు దాన్ని పైన మాడ్యూలు కాళ్ల దగ్గరే పెట్టినా 3.9 దగ్గర ఏదో ఒక అంకె చూపించి ఊరుకుంటుంది. మీరు రెగ్యులేటరు దగ్గర పెట్టారు కాబట్టి ఆ మాత్రం తేడా కూడా కనబడలేదు.

వోల్టేజి క్షణక్షణం ఎలా మారుతుందో గీసి చూపే ఆసిలోస్కోపు ఉంటే ఒక్క చూపుతో తేలుతుంది. లేకపోతే మీ దగ్గరున్న నానో లాంటిదే ఇంకొకటి తీసుకోండి. మాడ్యూలు ప్లస్సు నుంచి 33 కిలో ఓములు, అక్కడి నుంచి గ్రౌండుకు 10 కిలో ఓములు పెట్టి, మధ్య బిందువును అనలాగ్ కాలికి ఇవ్వండి. లోపలి 1.1 వోల్టు రెఫరెన్సును ఎంచుకుని, ఆగకుండా చదువుతూ వచ్చిన వాటిలో అతి తక్కువ విలువను మాత్రం గుర్తుపెట్టుకునే పది వరుసల ప్రోగ్రాము రాయండి. ఒక్కో రీడింగుకు మిల్లీసెకనులో పదో వంతు పడుతుంది కాబట్టి 577 మైక్రోసెకన్ల వంతులో ఐదు రీడింగులు పడతాయి. ఆ 1.1 అన్నది బోర్డు బోర్డుకూ కొంచెం మారుతుంది, అందువల్ల మాడ్యూలు ఖాళీగా ఉన్నప్పుడు మల్టీమీటరుతో పోల్చి సరిచేసుకోవాలి. గ్రౌండు వైరును మాత్రం మాడ్యూలు గ్రౌండు కాలికే కలపండి. కింద పెట్టెలో ఉన్న గ్రౌండుకు కలిపితే తిరుగు వైరులో పోయిన సగం మీకు కనబడదు.

టవరు అనుమానం (ఉదయం 11:15)

ఇంత కష్టం ఎందుకు సార్, 7805 రెగ్యులేటరు పెట్టి 5 వోల్టులు చేసి, దాని వెనుక ఒక 1ఎన్ 4007 డయోడు వేస్తే 4.3 వస్తుంది, పది రూపాయల పని.

నెల్లూరు స్టార్టర్లు (ఉదయం 11:50)

అయ్యా, మోటారు స్టార్టర్లకు ఫోను బోర్డులు కట్టి ఇచ్చే పని నాది, మొదట్లో నేనూ ఆ పది రూపాయల పని చేసి కస్టమర్ల చేత చీవాట్లు తిన్నాను. 1ఎన్ 4007 ఒక ఆంపియరు డయోడు, దానిలో పడే వోల్టేజి కరెంటును బట్టి మారుతుంది. మాడ్యూలు ఖాళీగా ఉన్నప్పుడు 4.4 దాటేస్తుంది, అరిచినప్పుడు 4 దగ్గరికి దిగుతుంది. 7805 కూడా 2 ఆంపియర్లకు చేసినది కాదు. ఏఎంఎస్ 1117 అయితే మరీ ఘోరం, అది ఒక ఆంపియరు మనిషి. ఎల్‌ఎం 317కు లోపలికి ఇచ్చేదానికీ బయటికి వచ్చేదానికీ 2 వోల్టుల దాకా తేడా కావాలి కాబట్టి 5 నుంచి 4 తీయడం దాని వల్ల కాదు.

లీనియరు రెగ్యులేటరే కావాలనుకుంటే 3 ఆంపియర్ల ఎంఐసీ 29302 మంచిది, 5 వోల్టుల నుంచి తీయడానికి. 100 కిలో ఓములు, 43 కిలో ఓములు పెడితే 4.1 వస్తుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి అయితే దాన్నీ వద్దంటాను, మిగతా 8 వోల్టులూ వేడిగా పోతాయి, రేకు పెట్టెలో ఆ వేడి పోవడానికి దారి ఉండదు. ఈ తమ్ముడు ఎంచుకున్న ఎల్‌ఎం 2596 సరైనదే.

ఒంగోలు రిపేరు బల్ల (మధ్యాహ్నం 1:20)

సారు చెప్పిన కొలత చేయడానికి ముందు, కొలిచే సామాను ఏమీ లేకుండా చేసే పని ఒకటి ఉంది. పాత ట్రాన్సిస్టరు రేడియో ఒకటి తీసుకుని, మీడియం వేవులో స్టేషను లేని చోట పెట్టి, మాడ్యూలుకు జానెడు దూరంలో ఉంచు. ఫోను కలపమను. రేడియోలో టిట్-టిట్-టిర్ర్ అన్న చప్పుడు మొదలై, మొదలైన చోటనే తెగిపోయి, లైటు మళ్లీ గబగబా కొట్టుకోవడం మొదలుపెడితే అది కరెంటు జబ్బు. చప్పుడే రాకపోతే మాడ్యూలు నోరే తెరవడం లేదని అర్థం, అప్పుడు సిమ్మూ ప్రోగ్రామూ చూడాలి. చప్పుడు నిలకడగా సాగి ఫోను కలవకపోతే ఏంటెన్నా దగ్గరికి పో. సారు చెప్పిన ఆ 217 సార్ల దెబ్బే రేడియోలో మనకు వినబడేది.

అల్లూరు గుంట (రాత్రి 8:30)

ఈ సాయంత్రం రెండూ చేశాను. మా నాన్న రేడియోలో చప్పుడు మొదలై ఒక సెకను కూడా సాగకుండా తెగిపోయింది, మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అంతే. తరువాత నానోతో, ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద ఉంచి కొలిచాను. రెగ్యులేటరు కాళ్ల దగ్గర అతి తక్కువ 3.88. నిచ్చెన వేసుకుని పైన మాడ్యూలు కాళ్ల దగ్గర పెడితే 3.06.

నిచ్చెన మీద నిలబడి ఆ అంకె చూసినప్పుడు నవ్వు వచ్చింది. సిగ్నలు కోసం పైకి ఎక్కించిన నాలుగు అంకెల లాభం కోసం దాదాపు ఒక వోల్టు పోగొట్టుకున్నాను. కింద 8 మీద ఉన్నప్పుడు ఫోను చేయించి చూసే ఓపిక కూడా లేకుండా నేరుగా పైకి ఎక్కించాను.

ఇప్పుడు లావు వైరు వేయమంటారా?

కావలి ల్యాబు (రాత్రి 9:00)

లావు వైరు వేసినా నడుస్తుంది, కానీ నేనైతే మాడ్యూలును కిందికి దించి, ఏంటెన్నాను మాత్రమే పైకి పంపుతాను. ఆర్‌జీ 58 కేబులు మూడు మీటర్లు వేస్తే సుమారు ఒకటిన్నర డెసిబెల్ పోతుంది. సిగ్నలు సంఖ్యలో ఒక్కో అంకె రెండు డెసిబెళ్లతో సమానం కాబట్టి మీకు 12లో ఒకటి కూడా తగ్గదు. ఎలక్ట్రానిక్స్ అంతా మూసిన పెట్టెలో ఉంటుంది, ఉప్పు గాలికి ఎదురుగా ఉండదు.

నెల్లూరు స్టార్టర్లు (రాత్రి 9:25)

సారు చెప్పినది పద్ధతి ప్రకారం మంచిదే. అయితే స్టార్టరు పెట్టెలో, మోటారును ఆన్, ఆఫ్ చేసే కాంటాక్టరు పక్కన మాడ్యూలు పెడితే ఇంకొక తలనొప్పి మొదలవుతుంది. ఏరేటరు ఆన్, ఆఫ్ అయిన ప్రతిసారీ కాయిలు కొట్టే దెబ్బకు మాడ్యూలు స్తంభించిపోవడం నేను చూశాను. దించేటట్టయితే కాంటాక్టరు కాయిలుకు అడ్డంగా 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 కండెన్సరు వరుసలో వేయండి, పెట్టె కూడా విడిగా పెట్టండి.

అంతకంటే సులువైన దారి ఏమిటంటే, ఉన్న ఫోను వైరులో 4 వోల్టులకు బదులు 12 వోల్టులు పంపి, ఎల్‌ఎం 2596ను పైన మాడ్యూలు పక్కనే పెట్టడం. 12 వోల్టుల మీద అదే శక్తికి మూడో వంతుకు కొంచెం ఎక్కువ కరెంటు చాలు. వైరులో 0.4 వోల్టు పోయినా 12లో పోయిన 0.4ను రెగ్యులేటరు లెక్కచేయదు.

అల్లూరు గుంట (ఆదివారం, సాయంత్రం 5:10)

కేబులు నెల్లూరు నుంచి రావాలి కాబట్టి, ప్రస్తుతానికి రెగ్యులేటరును పైకి ఎక్కించి 12 వోల్టులు పంపాను. రెండింటి మధ్య నాలుగు అంగుళాల లావు వైరే ఉంది. పైన చినుకు పడకుండా ప్లాస్టిక్ డబ్బా బోర్లించాను. ఫోను పోతోంది. వరుసగా పదిహేనుసార్లు పోయింది, పదహారోసారి ఆగింది. నానోలో అతి తక్కువ 3.39 పడింది. అదనంగా పాత టీవీ బోర్డు నుంచి ఊడదీసిన 2200 మైక్రోఫారడ్ కండెన్సరు కూడా వేశాను, అయినా ఇంత పడకూడదు కదా?

ఒంగోలు రిపేరు బల్ల (ఆదివారం, సాయంత్రం 5:40)

ఆ పాత టీవీ కండెన్సరే నీ దొంగ. ఏళ్ల తరబడి వేడిలో ఉడికిన దాని లోపలి రసం ఆరిపోయి ఉంటుంది. మీటరులో 2200కు దగ్గరగానే చూపిస్తుంది, కానీ గభాలున 2 ఆంపియర్లు అడిగితే లోపలి నిరోధమే అడ్డం పడుతుంది. పైన మూత కొంచెం ఉబ్బి ఉందా చూడు. ఉబ్బకపోయినా నమ్మకు.

కావలి ల్యాబు (ఆదివారం, సాయంత్రం 6:15)

లెక్క ప్రకారం రెగ్యులేటరు ఒక ఆంపియరు వరకు వెంటనే అందించి, మిగతా ఒక ఆంపియరును కండెన్సరు భరించాలనుకుంటే, 577 మైక్రోసెకన్లలో 1000 మైక్రోఫారడ్ మీద 0.58 వోల్టు, 2200 మీద 0.26 వోల్టు దిగుతుంది. మీ 3.39ను బట్టి చూస్తే ఆ 2200 ఉండి కూడా లేనట్టే. లో-ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ ఉన్నవి) అని అడిగి కొత్తవి 1000 మైక్రోఫారడ్ 10 వోల్టులవి రెండు తీసుకుని, మాడ్యూలు కాళ్లకు అంగుళం దూరంలో పక్కపక్కన వేయండి. వాటితో పాటు ఒక 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కండెన్సరు కూడా వేయండి.

ఇంకొక మాట. ఆ ఎల్‌ఎం 2596 బోర్డు మీద స్క్రూతో తిప్పే నీలం ట్రిమ్ పాట్ ఉంటుంది. దాని లోపలి ముల్లు ఉప్పు గాలికి పట్టు తప్పితే, రెగ్యులేటరు తన అవుట్‌పుట్ తక్కువైందనుకుని మొత్తం 12 వోల్టులనూ మాడ్యూలు మీదికి వదులుతుంది. ఆ పాట్‌ను తీసి దాని స్థానంలో 750 ఓముల స్థిర రెసిస్టరు వేయండి. గ్రౌండు వైపున్న కింది రెసిస్టరు మామూలుగా 330 ఓములు ఉంటుంది, మీ బోర్డులో అంతే ఉందో లేదో ముందు కొలిచి చూసుకోండి. 1.23 వోల్టుల రెఫరెన్సుతో లెక్క వేస్తే 4.02 వస్తుంది.

టవరు అనుమానం (ఆదివారం, సాయంత్రం 6:30)

5.1 వోల్టుల జీనరు వేస్తే చాలదా?

కావలి ల్యాబు (ఆదివారం, సాయంత్రం 6:45)

అర వాటు జీనరు క్షణకాలపు దెబ్బను ఆపుతుంది. 3 ఆంపియర్ల రెగ్యులేటరు 12 వోల్టులు తోస్తుంటే అదే ముందు కాలిపోతుంది. వేయండి, కానీ పాట్‌ను కూడా మార్చండి.

అల్లూరు గుంట (బుధవారం, రాత్రి 11:20)

కొత్త కండెన్సర్లు రెండూ వేశాను, పాట్ తీసి 750 వేశాను. కింది రెసిస్టరు మా బోర్డులోనూ 330 ఓములే ఉంది. ఫోను నడుస్తుండగా మాడ్యూలు కాళ్ల దగ్గర అతి తక్కువ 3.79. నిన్నటి నుంచి 60 ఫోనులు చేయించాను, ఒక్కటీ ఆగలేదు. పాత టీవీ కండెన్సరు మూత ఉబ్బలేదు, కానీ కింద కాళ్ల దగ్గర గోధుమ రంగు జిడ్డు ఉంది.

ఇప్పుడే మా నాన్న స్టార్టరు దగ్గర ఫ్యూజు పీకారు, నాకు చెప్పకుండా. ఇంట్లో పడుకుని ఉన్నవాడిని, ఫోను మోగితే లేచి గుంట కాడికి పరుగెత్తాను. ఆయన గట్టు మీద కూర్చుని జనరేటరు మనిషి ఎన్ని నిమిషాల్లో వస్తాడో చూస్తున్నారు.